పెళ్ళికొడుకు లేని గుర్రం

మా తమ్ముడి పెద్దకొడుకు పెళ్ళికి బరాత్ మా ఛత్రినాక ఇంటి ముందు నుంచే బయలుదేరింది. పెళ్ళి జరిగే హాలు ఉప్పుగూడ స్టేషన్ దాటాక ఉంది. ఊరికే నడిస్తే పెద్ద దూరం కాదు. కానీ ముందు డీజే బండి, దాని వెనక బ్యాండు, ఆ వెనక గంతులేసే కుర్రాళ్ళు, అందరి వెనక గుర్రం మీద పెళ్ళికొడుకు. ఆ ఊరేగింపు కదలడమే కష్టంగా ఉంది. నేను గుర్రం పక్కనే, కాస్త వెనగ్గా నడుస్తున్నాను.

పెళ్ళికొడుక్కి మేనత్తను నేను. గుర్రం ఎక్కేముందు వాడికి హారతి ఇవ్వాల్సింది నేనే. పళ్ళెం అందుకోబోతుంటే మా మరదలు మెల్లగా నా చెయ్యి పట్టుకుంది. "వదినె, నువ్వు జర పక్కకుండు. పెండ్లయినోళ్ళు ఇస్తరు తియ్" అంది. కసురుకోలేదు, నవ్వు ముఖంతోనే అంది. యాభై దాటాయి నాకు. పెళ్ళి కాలేదు. ఓ ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. నాయన పోయాక కింది వాటా నాకు, పై అంతస్తు తమ్ముడికి వచ్చాయి. ఇలాంటి మాటలు కొత్త కాదు. అయినా ఆ రోజు పట్టుచీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని, పళ్ళేనికి చెయ్యి చాపి, అందరి ముందు ఆ చెయ్యి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియక దారంతా కొంగు పట్టుకునే నడిచాను.

ఎవరి ముఖమూ చూడబుద్ధి కాక తల దించుకుని నడవబట్టే ఆ కాలు నా కంటపడింది. తెల్ల ఆడగుర్రం. అద్దాల బట్ట, పూసల కుచ్చులు, కాళ్ళకు గజ్జెలు. ఊరేగింపు ఆగినప్పుడల్లా అది ముందరి కుడికాలును పూర్తిగా నేలకు ఆనించకుండా కొన మీద పెడుతోంది. మళ్ళీ బ్యాండు మొదలు కాగానే అదే కాలు ఎత్తి నాట్యం చేస్తోంది. అట్లా నేర్పారు దానికి. మాది పాడి ఇల్లు. నాయన బతికినన్నాళ్ళూ మా దొడ్లో బర్రెలుండేవి. కాలు నొప్పి ఉన్న పశువు ఎట్లా నిలబడుతుందో నాకు తెలుసు.

కళ్ళెం పట్టుకున్న గుర్రం ఆయన అరవై ఏళ్ళ మనిషి. తలకు రుమాలు చుట్టుకున్నాడు.

"భాయ్, దీనికి కాలు నొస్తున్నట్టుంది" అన్నాను.

"మాలూం అమ్మా" అన్నాడు, నా వైపు చూడకుండా. "ఇయ్యాల్టితోని ఖతం. రేపు బేరగాడు వస్తుండు, తీస్కపోతడు."

"ఎక్కడికి?"

"నడువని గుర్రాన్ని ఎక్కడికి తీస్కపోతరో అడగకమ్మా."

"అయితే నేను తీసుకుంటా" అన్నాను.

సరిగ్గా ఆ క్షణాన పాట అయిపోయింది. బ్యాండు వాళ్ళు ఊపిరి తీసుకుంటున్నారు. నా మాట వీధి వీధంతా వినబడింది. గుర్రం మీద మా మేనల్లుడు ముఖం మీది పూల సెహ్రా తప్పించి కిందికి చూశాడు. ఎవరో కుర్రాడు, "అత్తమ్మ గుర్రం కొంటదట రా! మరి పెండ్లికొడుకెవలు?" అని అరిచాడు. అందరూ నవ్వారు. బ్యాండు వాయించేవాళ్ళు కూడా నవ్వారు. అప్పుడే తరువాతి పాట మొదలైంది.

తరువాత నా దయాగుణం గురించి కొంతమంది మంచి మాటలు అన్నారు. అది దయ అని ఇప్పటికీ చెప్పలేను. దానిలో సగానికి పైగా కోపమే ఉంది. మర్నాడు ఊరుకుని ఉంటే ఎవరూ గుర్తు చేసేవారు కారేమో. కానీ మాట వెనక్కి తీసుకుంటే మళ్ళీ నవ్వుతారని భయం. బ్యాంకుకు పోయి, దాచుకున్నదాంట్లోంచి కొంత తీసి, గుర్రం ఆయన ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆయన నన్ను చూసి నిజంగానే ఇబ్బంది పడ్డాడు.

"వద్దమ్మా. అది కుంటిది. ఆడమనిషికి, అందులోనా టీచరమ్మకు, కుంటి గుర్రాన్ని అమ్మిండని మా గల్లీల నన్ను ఉంచరు."

"అమ్మకపోతే బేరగాడికిస్తావు కదా."

ఆయన లేచి తాడు విప్పాడు.

ఆ సాయంత్రం గుర్రాన్ని ఆయనే నడిపించుకుని వచ్చాడు. అద్దాల బట్ట, కుచ్చులు లేకపోయేసరికి అది వేరే గుర్రంలా ఉంది. తెలుపు కాదు, పసుపు వన్నె తిరిగిన బూడిద రంగు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. పాల ప్యాకెట్లమ్మే ఆవిడ, "పెండ్లికొడుకు లేకుండనే గుర్రమొచ్చింది సూడుండ్రి" అంది. నేను గేటు తీస్తూ ఉన్నాను. గొళ్ళెం తుప్పు పట్టి ఎంతకీ రాలేదు. ఆ గొళ్ళెంతో కుస్తీ పడుతున్నంతసేపూ నా వీపు మీద వాళ్ళ చూపులు తెలుస్తూనే ఉన్నాయి.

తమ్ముడు మెట్లు దిగి వచ్చాడు. కొత్త కోడలు ఇంట్లోకి వచ్చింది ఆ రోజే. గుర్రాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"అక్కా, ఏందక్కా ఇది? వియ్యపోళ్ళు రేపు వస్తరు. ఏమని చెప్పాలె వాళ్ళకు?"

పాత బర్రెల కొట్టంలోకి గుర్రాన్ని తోలుకుపోయాను.

గుర్రం ఆయన ఇంకా అక్కడ ఉండగానే నేను పిలిపించిన పశువుల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. స్కూటీ మీద వచ్చింది. గుర్రం ఆయన కాలు ఎత్తి పట్టుకుంటే ఆమె లాడం ఊడదీసింది. గిట్ట అడుగున కొంచెం చెక్కగానే నల్లటి చీము చిమ్మింది. ఆ వాసనకు నేను ముక్కు మూసుకున్నాను. లాడం మేకు ఒకటి గిట్టలోపలి కండకు తగిలి లోపల చీము పట్టిందట. అడుగుభాగమంతా తడికి కుళ్ళింది. గిట్ట ముందుకు పొడుగ్గా పెరిగిపోయి మడమ నొక్కుకుపోయింది.

"బాగవుతుందా డాక్టరుగారూ?"

"ఇప్పుడే చెప్పలేను. చీము పోతే నొప్పి తగ్గుతుంది. కానీ గిట్ట మన గోరు లాంటిది కదా, మంచిది పైనుంచి పెరిగి కిందిదాకా రావాలి. ఏడాది పట్టొచ్చు. అప్పటిదాకా నేల పొడిగా ఉండాలి, లాడాలు వెయ్యొద్దు, కాంక్రీటు మీద నడిపించొద్దు" అంది.

గుర్రం ఆయన కాలు వదిలి, చెయ్యి గోడకు రుద్దుకున్నాడు. "సీజన్ల నేనే కొట్టించిన ఆ నాల్" అన్నాడు, ఊడదీసిన లాడం చూపిస్తూ. "కుంటుతుందని ఎరుక. రోజు బరాత్ ఉండె. రేపు సూద్దాం, రేపు సూద్దాం అనుకుంట…" ఆపేశాడు. ఆ మాటలు నాతో అన్నాడో, డాక్టరుతో అన్నాడో, గుర్రంతోనో.

మర్నాడు పిలవకుండానే వచ్చాడు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో కాలు నానబెట్టాలి. ఆ తరువాత తుడిచి, మందు పెట్టి, దూది అద్ది, గోనెపట్ట చుట్టి కట్టాలి. గుర్రం కాలు బకెట్‌లో నిలవదు. ఆయన మెడ నిమురుతూ దక్కనీ ఉర్దూలో ఏవేవో కబుర్లు చెప్తుంటే నిలబడేది. నేను బకెట్ పట్టుకుని కూర్చునేదాన్ని. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఆయన నా ముఖం చూడడు, నేనూ ఆయన ముఖం చూడను. సిగ్గుపడ్డ మనుషులిద్దరు ఒక గుర్రం కాలు కడుగుతున్నారు, అంతే.

కొన్నాళ్ళకు మరదలు బట్టలారేస్తూ పైనుంచి అంది: "వదినె, ఏమనుకోకు. పొద్దుగాల్నే పరాయి మొగోడు దొడ్లె కూసుంటే నలుగురు నాలుగు తీర్ల అనుకుంటరు. ఇంట్ల కొత్త పిల్ల ఉంది."

ఈ వయసులో ఆ మాట పడాల్సి వస్తుందనుకోలేదు. ఒంటినిండా ఎవరో వేడినీళ్ళు పోసినట్టయింది. మర్నాడు ఆయన రాగానే, "భాయ్, ఇక నేను చూసుకుంటాలే. మీరు రావద్దు" అన్నాను. ఆయనకు అర్థమైంది. ఎందుకని అడగలేదు. చెప్పులేసుకుని, గేటు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయాడు. ఆ మూయడం చూసి మరీ సిగ్గేసింది.

ఒక్కదాన్నే ప్రయత్నించాను. గుర్రం బకెట్ తన్నేసింది. నీళ్ళన్నీ ఒళ్ళో. రెండోసారి కట్టు కట్టబోతే నా పాదం మీద నిలబడింది. నేను కుంటుతూ బడికి వెళ్ళాను. స్టాఫ్ రూములో ఒకావిడ అడిగింది, "ఇప్పుడు మీరు గుడ కుంటుతున్నరా?" అని. మంచిగానే అడిగింది కాబోలు. అప్పటికే నా పక్క కుర్చీ ఖాళీగా ఉంచడం మొదలైంది. ఎంత సబ్బు రుద్దినా, ఎంత పౌడరు చల్లుకున్నా ఆ కుళ్ళు వాసన వేళ్ళ మధ్య ఉండిపోయేది. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళు కొంచెం జరిగేవాళ్ళు. నేను చేతులు కొంగులో దాచుకునేదాన్ని.

ఆ వారంలోనే ఒక ఉదయం గేటు దగ్గర గట్టిగా గొంతు వినబడింది. నల్ల బురఖాలో లావాటి మనిషి, వెనక గుర్రం ఆయన. ఆమె ఆయన భార్య.

"ఏమ్మా, మా ఇంటాయనను రావొద్దన్నవంట. మంచిగ చేసినవ్. మొగోడొక్కడొస్తే లొల్లే గదా. ఇగ నేను గుడ వస్త" అంది. అంటూనే మెట్టు మీద కూర్చుని, తల పైకెత్తి మా మరదలిని కేకేసింది. "ఓ చెల్లె! పైన నువ్వేనా? జర వేడినీళ్ళు ఎక్కువ పెట్టు. కిందా మీదా రెండు పొయ్యిలెందుకు, గ్యాసు దండుగ."

మా మరదలు బాల్కనీలోంచి నోరు తెరుచుకుని చూసింది. మూసుకుంది. కాసేపటికి వేడినీళ్ళ గిన్నె కిందికి వచ్చింది. కొత్త కోడలు తెచ్చింది.

ఆయన్ని భాయ్ అంటాను కాబట్టి ఆమె నాకు భాభీ అయింది. ఆ రోజునుంచి ఆమె రాని రోజు లేదు. ఆయన కాలు పట్టుకుంటాడు, నేను మందు పెడతాను, ఆమె మాట్లాడుతుంది. ఊళ్ళో ఎవరి కూతురు ఎవరింట్లో ఎట్లా ఉందో, ఏ కూరలో ఏం వేస్తే బాగుంటుందో, తన మోకాళ్ళ నొప్పి, తన పెళ్ళినాటి గాజులు. ఒకరోజు నన్నూ అడిగింది, ఎందుకు చేసుకోలేదమ్మా అని. సంబంధాలు వచ్చాయని, నాయన జబ్బుతో ఒకటి, ఇంకేదో కారణంతో ఒకటి పోయాయని, తరువాత రావడం మానేశాయని చెప్పాను. "అచ్ఛా" అంది. అంతే. జాలిపడలేదు. ఆ విషయం అంత మామూలుగా ఎవరితోనైనా మాట్లాడటం నాకదే మొదటిసారి.

ఆషాఢం వచ్చేసరికి గుర్రం నాలుగు కాళ్ళమీదా నిలబడుతోంది. గిట్ట పైభాగాన, వెంట్రుకలు మొదలయ్యేచోట, కొత్తది నున్నగా దిగుతోంది. డాక్టరమ్మ వేలితో రాసి చూసి సంతోషించింది.

బోనాల రోజు ఆ సంతోషం పోయింది. మా వీధి మీదుగానే ఊరేగింపు. మధ్యాహ్నం నుంచే డప్పులు, తీన్మార్ దరువు. నేను బోనం కుండకు సున్నం, పసుపు పూస్తున్నాను. దొడ్లోంచి దబదబ చప్పుడు వినబడింది. పరుగెత్తాను. గుర్రం నాట్యం చేస్తోంది. తాడు బిగుసుకుపోయింది. మెడ వంచి, ఒక్కో కాలూ ఎత్తి ఎత్తి, ఆ చెడ్డకాలు కూడా, రాతినేల మీద దెబ్బకు దెబ్బ వేస్తోంది. డప్పు వేగం పెరిగితే అదీ వేగం పెంచుతోంది. ఒళ్ళంతా చెమట. కళ్ళల్లో తెల్లగుడ్డు కనబడుతోంది. నొప్పికి మూలుగుతోంది, అయినా ఆగడంలేదు. ఆగితే ఏమవుతుందని దానికి నేర్పారో.

భాభీ, గుర్రం ఆయన ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నారు, పాయసం తినడానికి పిలిచాను. ఆయన తాడు దొరకబుచ్చుకుని మెడకు వేలాడాడు. భాభీ తన దుపట్టా తీసి దాని చెవులమీద కప్పి రెండు చేతులతో అదిమింది. నేను ఏం చేయాలో తెలియక దాని ఛాతీకి నా భుజం ఆనించి నెట్టాను. అది నన్నూ లాక్కుంటూ గంతులేసింది. గేటు అవతల జనం గుమిగూడారు. "టీచరమ్మ గుడ డాన్సు చేస్తుంది రో!" అన్నారు. ఫోన్లు పైకి లేచాయి. పసుపు చేతులతో, జుట్టు విడిపోయి, గుర్రానికి అతుక్కుని ఊగుతున్న నన్ను వాళ్ళు వీడియో తీస్తున్నారని తెలుసు. ముఖం దాచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

అప్పుడు మా తమ్ముడు మెట్లు దిగి వచ్చాడు. గేటు తీసుకుని జనాన్ని తోసుకుంటూ వీధిలోకి పోయాడు. డప్పుల వాళ్ళ ముందు నిలబడి చేతులు జోడించాడు. "అన్నా, మీకు దండం పెడ్త. జర ముందుకు పోయి కొట్టుండ్రి. ఇంట్ల పానం బాగలేనోళ్ళున్నరు" అన్నాడు. అమ్మవారి ఊరేగింపు, డప్పు ఆపరు, ఆపమని వాడూ అడగలేదు. వాళ్ళు వాడి ముఖం చూసి అడుగులు తొందరగా వేశారు. చప్పుడు మలుపు తిరిగి దూరమయ్యాక గుర్రం ఒక్కసారిగా ఆగి వణకడం మొదలుపెట్టింది. కట్టు ఎర్రగా తడిసింది.

తమ్ముడు లోపలికి వచ్చి నేలమీద రక్తం చూశాడు. "మంచిగ ఆడుతదని బరాత్‌కు ఏరికోరి దీన్నే మాట్లాడిన" అన్నాడు. బకెట్ తీసుకుని వాడే నీళ్ళు కొట్టాడు.

బోనాల సెలవు అయ్యాక బడికి వెళ్ళేసరికి వీడియో నాకంటే ముందే చేరింది. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద పద్యం రాస్తున్నాను. వెనక ఎవరో నాలుకతో టక్‌టక్ మన్నారు. తరువాత ఇంకొకరు. నేను రాస్తూనే ఉన్నాను. పద్యం అయిపోయింది. వెనక్కి తిరగలేక దాని ప్రతిపదార్థం మొత్తం కూడా బోర్డు మీదే రాశాను. గంట కొట్టేదాకా సుద్ద చేతిలోంచి కింద పెట్టలేదు.

చాలా నెలలు వెనక్కి పోయాం. మళ్ళీ చీము, మళ్ళీ కట్లు. వానాకాలమంతా నేల పొడిగా ఉంచడానికి తమ్ముడు రంపపు పొట్టు బస్తాలు తెప్పించాడు. పైనుంచి వేడినీళ్ళు అడగకుండానే వచ్చేవి. గిట్ట మెల్లగా, గోరు పెరిగినంత మెల్లగా కిందికి దిగింది. చలి తగ్గి, మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలయ్యే రోజుల్లో డాక్టరమ్మ వచ్చి, నాలుగు గిట్టలూ చూసి, దొడ్డి చుట్టూ గుర్రాన్ని పరుగెత్తించింది. "మేడమ్, ఇది మామూలు గుర్రం ఇప్పుడు. దీనికి నా అవసరం లేదు" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ బాగైంది అనే మాట వినడానికే ఏడాదిగా ఎదురుచూసినదాన్ని, వినగానే నాకు దిగులేసింది. రేపటినుంచి వీళ్ళు ఎందుకు వస్తారు? పొద్దున్నే గేటు చప్పుడు ఎందుకవుతుంది? ఆ ఆలోచన వచ్చినందుకు ఎంత సిగ్గేసిందంటే, ఏడాదిలో పడ్డ సిగ్గులన్నీ కలిపినా అంత కాదనిపించింది. ఈ సిగ్గుకు చూసేవాళ్ళెవరూ లేరు.

"ఇంకా కొంచెం వేడిగానే ఉందేమో ఆ కాలు. ఓ నెల చూద్దాం" అన్నాను.

డాక్టరమ్మ మళ్ళీ వంగి ముట్టుకుంది. "లేదే" అంది.

ఆమె వెళ్ళాక భాభీ నా పక్కకు జరిగి కూర్చుంది. గొంతు తగ్గించి మాట్లాడటం ఆమెకు రాదనుకునేదాన్ని. ఆ రోజు తగ్గించింది.

"నడిచేదాన్ని కట్టేసి పెడితే మళ్ల ఖరాబైతదమ్మా. నేను గుర్రం కోసమే వస్తున్ననుకున్నవా?"

నేను తల ఎత్తలేదు. ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

వాళ్ళ అల్లుడికి జల్‌పల్లిలో ప్లాటు ఉంది. చుట్టూ ఇంకా ఇళ్ళు లేవని, అంతా మెత్తటి మట్టినేలని, గోడ కట్టి ఉందని, గుర్రాన్ని అక్కడ వదులుదామని గుర్రం ఆయన చెప్పాడు. బరాత్‌కు మాత్రం జన్మలో మళ్ళీ పంపనని తనంతట తనే అన్నాడు. బరాత్‌లు మానేసి ఆయన అప్పటికే కూరగాయల బండి పెట్టుకున్నాడు. నేను సరే అన్నాను.

ఆదివారం తెల్లవారుతుండగా బయలుదేరాం. ట్రాలీలో ఎక్కిద్దామన్నారు గానీ, రోడ్డు పక్కన మట్టి ఉన్నంతమేర నడిపిద్దామని నేనే అడిగాను. దారిలో చాయ్ తాగేవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను గానీ, అలవాటుగా కొంగు సర్దుకుంటూనే ఉన్నాను.

ప్లాటులోకి పోయాక ఆయన తాడు విప్పాడు. గుర్రం అక్కడే నిలబడి కాసేపు మట్టి వాసన చూసింది. ముందుకాళ్ళు మడిచి పడుకుని, వీపుమీద దొర్లింది, అటు ఒకసారి, ఇటు ఒకసారి. లేచి ఒళ్ళు విదిలించుకుంది. తరువాత గోడ చివరిదాకా పరుగు తీసింది. మా వైపు తిరిగి చూడలేదు.

భాభీ కూతురు, అల్లుడు, అల్లుడి తల్లి, అందరూ అక్కడే కుర్చీల్లో ఉన్నారు. వాళ్ళను నేను చూడటం అదే మొదటిసారి. ముక్కూ మొహం తెలియని మనుషుల ముందు నాకు ఏడుపొచ్చింది. ఆపుకోబోతే వెక్కిళ్ళు వచ్చాయి. గోడవైపు తిరిగి నిలబడ్డాను. వెనక మాటలు ఆగిపోయాయి. అందరూ నన్నే చూస్తున్నారని తెలుస్తోంది.

"గట్ల సూస్తరేంది?" భాభీ గొంతు గట్టిగా వినబడింది. "గుర్రం ఉరికితే టీచరమ్మ కండ్లల్ల మట్టి పడింది. నీళ్ళు తేండ్రి!"

కూతురు చెంబుతో నీళ్ళు తెచ్చింది. కడుక్కున్నాను.